ఇంకో కొడుకు

మేడ మీది గది,
ఆదివారం

చెల్లీ,

బాగున్నానని రాస్తేనే ఉత్తరం మొదలవుతుంది కాబట్టి బాగున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే మరిది స్పీకర్ పెడతాడు. నేను ఒక మాట అనేలోపు దేశాన్నేలే ఆ పెద్దాయన గురించి పది మాటలు చెప్తాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. నా చదువు సంగతి నీకు తెలుసు, ఒత్తులు తప్పితే నువ్వే సర్దుకుని చదువుకో.

షెడ్డులో బడిపిల్లల చొక్కాలు ఆపేశారు. మొన్న పొద్దున వెళ్ళేసరికి తెల్లబట్టంతా గోడకి చేర్చి, సిపాయిల బట్టలకి ఆకుపచ్చ తాన్లు దించారు. మేస్త్రి ఏమీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను కాజాలు కుట్టేదాన్ని కదా, చిన్న కాజాల నుంచి పెద్ద కాజాలకి మారాను, అంతే. మెడ దగ్గరి కాజా కుట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆగుతుంది. అక్కడ గుండీ పెట్టుకునే పిల్లాడి మెడ ఎంత సన్నగా ఉంటుందో అనిపిస్తుంది.

నా పక్క మిషను పొడుగావిడ నోరు ఊరుకోదు. "ఉల్లిపాయల ధర అడిగితే సరిహద్దు చూపిస్తాడు మీ పెద్దాయన. ఈసారి ఓడిపోతాడని ఎవరన్నా అంటే చాలు, అక్కడ తుపాకులు పేలతాయి" అంది. మేస్త్రి "అమ్మా, గోడలకి చెవులుంటాయి" అన్నాడు. "ఉండనీ. వాటి ఇళ్ళల్లో మాత్రం ఉల్లిపాయలు అక్కర్లేదా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక అందరూ నావైపు చూశారు. కొడుకు పోయిన మనిషి నవ్వితే చూసే చూపు ఒకటుంటుంది చెల్లీ, అది నీకు రాకూడదు.

నిన్న మా వీధి పార్టీ మనిషి వచ్చాడు. మేమంతా మైకు అంటాం, ఇంట్లో గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది. ఎన్నికల ముందు పెద్దాయన మా ఊరి మైదానానికి వస్తాడట. వేదిక మీద నేను కూర్చోవాలట. పోయిన శీతాకాలం సరిహద్దు వంతెన దగ్గర చనిపోయినవాడి తల్లిని జనం చూడాలట. నా వల్ల కాదు బాబూ అన్నాను. పోతూ పోతూ "ఇంట్లో ఇంకెవరున్నారమ్మా" అని అడిగాడు. "మా చిన్నోడున్నాడు, వాడూ సరిహద్దులోనే ఉన్నాడు" అన్నాను. ఎందుకో నాకు రెండు చేతులూ జోడించి వెళ్ళాడు.

చిన్నోడు ఫోన్ చేశాడా? పెద్దమ్మ అడిగిందని చెప్పు.

అక్క


బస్సు డిపో వెనక వీధి,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం ఆస్పత్రికి తీసుకెళ్ళి, దుప్పట్లు మార్చే మధ్యలో చదివాను. ఇంట్లో చదివే వీలు లేదు. మీ మరిది టీవీ ముందు నుంచి లేవడు. సముద్రంలోకి పరాయి దేశాల ఓడలు వచ్చి నిలబడ్డాయట, పెద్దాయన అయితే గానీ వాళ్ళని ఆపలేడట. డిపోలో ఇంజన్లు విప్పే మనిషి ఇంటికొచ్చి దేశాలు విప్పుతాడు. "ముందు ఈ కుళాయి బాగు చెయ్యండి, తర్వాత సముద్రం సంగతి చూద్దురు" అన్నాను. మూడు రోజుల నుంచి కారుతోంది.

నవ్వులాటకి రాస్తున్నాను గానీ అక్కా, నా మనసు మనసులో లేదు. చిన్నోడు ఫోన్ చేశాడు. సెలవు రద్దు చేశారట. బండి నడిపేవాణ్ణి వెనక ఉంచుతారనుకున్నాం కదా, ముందుకి పంపారు. ఎక్కడని అడిగితే చెప్పలేదు. "చలిగా ఉందమ్మా" అన్నాడు. మళ్ళీ అడిగితే "అన్న ఉన్న చోటే" అన్నాడు. తర్వాత లైను పోయింది.

వంతెన దగ్గరే అక్కా.

ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. రాయకుండా ఎవరికి చెప్పుకోను. ఆయనకి చెప్తే "గర్వపడాలి" అంటాడు. అని, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు.

నువ్వు ఆ వేదిక ఎక్కు. నీ కాళ్ళు పట్టుకుంటాను. పెద్దాయన పక్కన కూర్చుంటావు కదా, ఒక్క మాట అడుగు, వాణ్ణి వెనక్కి తెప్పించమని. నేనడిగితే నేనెవరు, ఆస్పత్రిలో ఆయాని. నువ్వడిగితే కాదనలేరు. నువ్వు పోయినవాడి తల్లివి.

రాశాక చూసుకుంటే ఈ మాట ఎంత ముల్లులా ఉందో. కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా కింద కనపడుతుందని వదిలేశాను.

చెల్లి


మేడ మీది గది,
మంగళవారం

చెల్లీ,

ముల్లు దిగలేదులే. నేను తెలుసుకోవాల్సిందే రాశావు. వంతెన అన్న మాట చదివాక ఆ పూట కాజాలన్నీ వంకర పోయాయి. మేస్త్రి చూసి విప్పించాడు.

వేదిక ఎక్కుతానని మైకుకి చెప్పాను. చెప్పిన రెండో రోజుకే వీధి మలుపులో పోస్టరు వేశారు. పెద్దాయన బొమ్మ, పక్కన మన పెద్దోడి బొమ్మ, కింద నా బొమ్మ. ఫోటో ఎప్పుడు తీశారో తెలియదు, చేతిలో సంచి ఉంది. నేను కూడబలుక్కుని చదివేలోపు పొడుగావిడ గట్టిగా చదివింది. "ఒక కొడుకును దేశానికిచ్చి, రెండో కొడుకునూ సరిహద్దుకు పంపిన తల్లి."

నా నోటి నుంచి వచ్చిందే అది. మనింట్లో ఎప్పుడూ అలాగే అంటాం కదా. నీ రాత్రి డ్యూటీల కాలంలో ఇద్దరూ ఒకే మంచం మీద నా దగ్గర పెరిగారు. నాకైనా నీకైనా వాడు పెద్దోడు, వీడు చిన్నోడు. మైకు అడిగినప్పుడు అలవాటుగా అనేశాను. బయటివాళ్ళకి ఆ లెక్క ఎలా తెలుస్తుంది.

దిద్దమని చెప్పడానికి బయల్దేరాను. దారిలో రొట్టెల కొట్టు ఆవిడ ఆపింది. "మీ చిన్నబ్బాయి ఎలా ఉన్నాడండీ" అంది.

చెల్లీ, పెద్దోడు పోయాక నన్నెవరూ ఏదీ అడగలేదు. అయ్యో అంటారు, తల ఊపుతారు, దారి ఇస్తారు. నేను వస్తుంటే మాటలు ఆపుతారు. ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. అలాంటిది ఆవిడ "ఎలా ఉన్నాడు" అంది. ఉన్నాడు అనే మాట. "చలిగా ఉందన్నాడండీ" అన్నాను. "మఫ్లరు అల్లి పంపండి" అంది. అక్కడ నిలబడి వాడికి ఏ రంగు నచ్చుతుందో, చిన్నప్పుడు చెవులకి చలి తగిలితే ఎంత ఏడ్చేవాడో అన్నీ చెప్పాను. పోస్టుమ్యాన్ అడిగాడు, కింది వాటాలో ముసలాయన అడిగాడు. అందరికీ చెప్పాను.

మైకు ఇంటిదాకా వెళ్ళలేదు. రేపు వెళ్తాను. దిద్దిస్తాను.

అక్క


బస్సు డిపో వెనక వీధి,
శనివారం

అక్కకు,

నువ్వు రాయక ముందే ఆ పోస్టరు టీవీలో చూశాను. వార్డులో రోగులతో కలిసి చూశాను. పక్క మంచం ముసలమ్మ "ఎంత గుండె ధైర్యం తల్లికి" అంది. నేను మందు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. వాడు నా కొడుకమ్మా అనబోయాను. నమ్మేదా.

మీ మరిది సంగతి విను. డిపోలో అందరికీ "మా అబ్బాయే" అని చెప్పుకున్నాడట. "నీ అబ్బాయైతే పోస్టర్లో ఆవిడెవరు, మాకు చెప్పని సంసారం ఏదన్నా ఉందా" అని ఒకటే నవ్వులట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. పెద్దాయన బొమ్మ గోడ మీద ఉంది కదా, దానివైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

మఫ్లరు మొదలుపెట్టావా? ఏ రంగు? వాడికి ఇప్పుడు నీలం నచ్చదు. అది చిన్నప్పటి మాట.

ఉత్తరం ఇక్కడ ఆపి, రెండు రోజులు పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను.

దిద్దించకు అక్కా. నీ కొడుకనే ఉండనీ. ఒకణ్ణి పోగొట్టుకున్న తల్లి రెండోవాణ్ణి అడిగితే ఇస్తారు, చెల్లెలి కొడుకు కోసం అడిగితే ఎవడు వింటాడు. వాణ్ణి కన్నది నేనే, ఆ నొప్పులు నాకే తెలుసు. అయినా తీసుకో. వాడు బతికొస్తే నీ ఇంట్లోనే ఉండనీ, నిన్నే అమ్మా అననీ. నేను పిన్నిలా వచ్చి చూసి పోతాను.

చెల్లి


మేడ మీది గది,
శుక్రవారం

చెల్లీ,

నువ్వలా రాయకు. మఫ్లరు నీలంతో మొదలుపెట్టాను, విప్పేశాను. బూడిద రంగు తెచ్చాను.

మైకు కాగితం తెచ్చాడు. వేదిక మీద నేను చెప్పాల్సింది అందులో ఉంది. "నా పెద్ద కొడుకును ఇచ్చాను. ఇప్పుడు నా రెండో కొడుకునూ మనస్ఫూర్తిగా ఇస్తున్నాను. ప్రతి తల్లీ ఇవ్వాలి." అంతే ఉంది. మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు.

నేను చిన్నోడి బదిలీ మాట ఎత్తాను. అతను తలుపు దగ్గరికి వేసి, మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు. "అదంతా పైన మాట్లాడేశానమ్మా. సభ అయిన వారానికి మీ వాడు నగరంలో సామాన్ల గోడౌనులో ఉంటాడు. మీరు ఈ మాట అందంగా చెప్పండి చాలు" అన్నాడు.

"ఇస్తున్నానని చెప్పి వెనక్కి తీసుకోవడమా" అన్నాను.

"మీకిస్తున్నాం కదమ్మా, ఇంకేం" అన్నాడు.

ఈసారి పెద్దాయనకి గాలి బాగాలేదట. మైదానం నిండకపోతే కష్టమట. తల్లులు ఏడిస్తే ఓట్లు పోతాయి, తల్లులు ఇస్తే వస్తాయి అన్నాడు. మంచివాడే చెల్లీ, కింద మెట్లు దిగేటప్పుడు ముసలాయనకి చెయ్యి అందించాడు.

మర్నాడు షెడ్డులో పొడుగావిడ మాట్లాడలేదు. అన్నాలు తినేటప్పుడు నా పక్కకి వచ్చింది. వాళ్ళబ్బాయికి పిలుపు కాగితం వచ్చిందట. వాళ్ళ మామయ్య ఊళ్ళో దాచేద్దామనుకున్నారట. వాడు వెళ్తానన్నాడట. "ఆవిడ ఇద్దరు కొడుకుల్నీ ఇస్తే నేను అటక మీద దాక్కోవాలా అంటున్నాడు. నీ పోస్టరు చూసి" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా డబ్బా మూత ఊడిరాకపోతే తీసి పెట్టి వెళ్ళింది.

ఏం చెయ్యమంటావు చెల్లీ? నువ్వు ఏది చెప్తే అది.

అక్క


బస్సు డిపో వెనక వీధి

అక్కా,

ఆవిడ కొడుకుని ఆవిడ చూసుకుంటుంది. నువ్వు కాగితంలో ఉన్నది చెప్పు. నన్ను ఇంకేమీ అడగకు.

చెల్లి


మేడ మీది గది,
సోమవారం

చెల్లీ,

టీవీలో సగమే వేశారట. మిగతా సగం నేను రాస్తాను.

వేదిక మెట్లు ఎత్తుగా ఉన్నాయి. పెద్దాయనే చెయ్యిచ్చి ఎక్కించాడు. పోస్టర్లో అంత కనపడతాడు గానీ పొట్టి మనిషి. గొంతు పోయినట్టుంది, ఏదో బిళ్ళ చప్పరిస్తున్నాడు. "మోకాళ్ళ నొప్పులా అమ్మా? నాకూ ఉన్నాయి" అన్నాడు. నాకు భయం పోయింది. మంచివాళ్ళో చెడ్డవాళ్ళో, దగ్గర నుంచి చూస్తే అందరూ అలిసిపోయి ఉంటారు చెల్లీ.

మైదానం నిండింది. ముందు వరసలో మా షెడ్డువాళ్ళని కూర్చోబెట్టారు. పొడుగావిడ పక్కన వాళ్ళబ్బాయి ఉన్నాడు. ఎప్పుడూ చూడలేదు, తల్లి పొడుగే, సన్నటి మెడ చొక్కాలోంచి బయటికి ఉంది.

మైకు నా ముందు మైకు పెట్టాడు. నాకు అంతా నోటికి వచ్చు. నీ కోసం చెప్పాలనే నిలబడ్డాను, ఒట్టు. మొదటి మాట చెప్పాను. నా పెద్ద కొడుకును ఇచ్చాను అన్నాను. అంటే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఆగాలి కదా, ఆగాను. ఆ ఖాళీలో నాకు అనిపించింది, నేను ఇవ్వలేదు కదా అని. పిలుపు కాగితం వచ్చింది, వాడు వెళ్ళాడు. నన్నెవరు అడిగారు?

రెండో మాటకి నోరు తెరిచాను. వచ్చింది వేరు. "ఆ చిన్నోడు నా చెల్లెలి కొడుకండీ. నన్ను పెద్దమ్మా అంటాడు. మా పెద్దోణ్ణి నన్ను అడక్కుండా తీసుకెళ్ళారు. చెల్లెలి కొడుకుని ఇస్తున్నానని నేనెలా అంటాను? మన కడుపున పుట్టని బిడ్డని మనం ఇచ్చెయ్యకూడదు కదండీ" అన్నాను. పెద్దాయన పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ కదండీ ఆయనవైపు తిరిగి అన్నాను. కావాలని కాదు, మనిషి పక్కన ఉంటే అటు తిరిగే మాట్లాడతాం కదా.

మైకులు ఆగిపోయాయి. ఆయన బిళ్ళ చప్పరించడం ఆపాడు. నా భుజం మీద చెయ్యి వేసి, వేరే మైకులో "తల్లి దుఃఖంలో ఉంది, ఆ దుఃఖానికి పగ తీర్చుకుందాం" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. నన్ను వెనక మెట్ల మీంచి దించారు. నడిచి ఇంటికొచ్చాను.

గోడౌను మాట ఇక లేదని మైకు చెప్పి పంపాడు. పోస్టరు మీద తెల్ల కాగితం అంటించారు. రొట్టెల కొట్టు ఆవిడ ఇవాళ రొట్టె ఇచ్చింది, ఏమీ అడగలేదు.

నన్ను తిట్టు చెల్లీ. తిట్టకుండా మాత్రం ఉండకు.

అక్క


బస్సు డిపో వెనక వీధి

అక్కకు,

తిట్టమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదు. పొడుగావిడ కొడుకు మెడ కనపడింది నీకు, నా కొడుకు మెడ కనపడలేదు. నీవాడు ఎలాగూ లేడు, నీకు పోయేదేముంది. మంచిదానివి అనిపించుకున్నావు. ఆ మంచితనం కప్పుకుని పడుకో.

మఫ్లరు పంపకు. వాడికి నేను అల్లుకుంటాను.


బస్సు డిపో వెనక వీధి,
బుధవారం

అక్కా,

నెలలు గడిచాయి, నువ్వు రాయలేదు. నేనూ రాయలేదు. ఎవరు ముందు రాయాలో నాకు తెలుసు.

పెద్దాయన గెలిచాడు కదా. కొద్దిలో గెలిచాడు. డిపోలో టపాకాయలు కాల్చారు, మీ మరిది వెళ్ళలేదు. గెలిచిన వారానికే వంతెన దగ్గర యుద్ధం మొదలైంది. ఇప్పుడు మా ఇంట్లో టీవీ పెట్టడం లేదు. పెట్టమని నేను అనను, పెడతానని ఆయన అనడు. కుళాయి బాగు చేశాడు. కుర్చీ కాలు బాగు చేశాడు. బాగున్నవి కూడా విప్పి బాగు చేస్తున్నాడు.

చిన్నోడి ఫోన్ రావడం లేదు. సైన్యం ఆఫీసుకి వెళ్తే "వార్త లేకపోతే మంచి వార్తే" అన్నారు. వార్డులో మాటిమాటికీ ఫోన్ తీసి చూసుకుంటున్నాను. నాతో పనిచేసే వాళ్ళందరూ నేను వచ్చేసరికి మాట మారుస్తున్నారు. నువ్వు రాసిన ఆ చూపు నాకూ వచ్చింది, వాడికి ఏమీ కాకముందే.

పొడుగావిడ కొడుకు వెళ్ళాడా, దాక్కున్నాడా? ఉత్తరంలో రాయలేనిదైతే రాయకు.

ఒక్క సంగతి అడగాలి. ఎవర్నీ అడగలేను, ఆయన్ని అసలే అడగలేను. చెప్పాల్సి వస్తే వాళ్ళు ఎలా చెప్తారక్కా? ఫోన్ చేస్తారా, మనిషి వస్తాడా? పొద్దున వస్తారా, ఎప్పుడైనా వస్తారా? వీధిలో ఏ బండి ఆగినా చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పోతున్నాను. దేనికి భయపడాలో తెలిస్తే, మిగతావాటికి భయపడకుండా ఉంటాను.

చెల్లి


మేడ మీది గది,
ఆదివారం

చెల్లీ,

పొడుగావిడ కొడుకు వాళ్ళ మామయ్య ఊళ్ళో గేదెలు కాస్తున్నాడు. నా మాట విని కాదు, వాళ్ళమ్మ చెంప మీద ఒకటి ఇస్తే. ఆవిడే చెప్పింది.

నువ్వు అడిగినదానికి జవాబు. ఫోన్ చెయ్యరు. మనుషులే వస్తారు, ఇద్దరు వస్తారు. బండి ఇంటి ముందు ఆపరు, కొంచెం అవతల ఆపి నడిచి వస్తారు. కాబట్టి ఇంటి ముందు ఆగే బండికి నువ్వు భయపడక్కర్లేదు. టోపీలు చేతిలో పట్టుకుంటారు. ముందు మన పేరు అడుగుతారు, వాళ్ళకి తెలిసినా అడుగుతారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒకడు చిన్నవాడు, కళ్ళు నేల మీదే పెట్టాడు. నేను బట్టలు పిండుతూ వచ్చాను, చేతులు తడిగా ఉన్నాయి. మావాడు ఇంట్లో లేడు బాబూ, డ్యూటీలో ఉన్నాడు అన్నాను. వాడి స్నేహితులనుకున్నాను. కూర్చోమన్నాను, టీ పెట్టబోయాను. పాపం, చెప్పలేక ఆ పిల్లాడు నా వెనకే వంటగదిలోకి వచ్చాడు.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా పక్కన ఆ పూట ఎవరూ లేరు కదా.

షెడ్డులో నన్ను మానిపించి చాలా రోజులైంది. నీకు రాయలేదు. గది ఖాళీ చేస్తానని కింద ముసలాయనకి చెప్పాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను బస్సులో ఉంటాను. వద్దంటే గుమ్మం దగ్గరే చెప్పు, మెట్ల మీద కూర్చుంటాను గానీ తిరిగి రాను.

వార్త లేకపోవడం మంచి వార్తే కావచ్చు. వాడు నవ్వుతూ వస్తే ఎదురెళ్ళేది నువ్వే. అమ్మవి నువ్వే, నేను వెనక నిలబడతాను. కానీ చెల్లీ, నేను వచ్చినప్పటి నుంచి తలుపు ఎవరు కొట్టినా నువ్వు లేవద్దు. మరిదికీ చెప్పు. నేను తీస్తాను.

అక్క